సముద్రపు కుందేలును చూడబోయి

ఎల్బీనగర్ చౌరస్తా

పాతికేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. నత్తల పాఠం వచ్చినప్పుడల్లా ల్యాబు అల్మారాలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెడతాను. అందులో ఫార్మలిన్‌లో మునిగి గోధుమరంగు ముద్ద ఒకటి ఉంటుంది. సీసాకు అంటించిన చీటీ మీద ‘సముద్రపు కుందేలు’ అని రాసి ఉంటుంది. పిల్లలు ముద్దను చూసి ముద్దలాగే బొమ్మ వేస్తారు, నేను సంతకం పెడతాను. ఇందులో కుందేలు ఎక్కడుంది మేడం అని అడిగిన వాళ్ళను కూర్చోమంటాను, ఎందుకంటే నాకూ ఎప్పుడూ కనపడలేదు. నల్లగొండ పల్లెలో పుట్టి ఎల్బీనగర్‌లో స్థిరపడ్డ దాన్ని. మూడేళ్ళ కిందటి దాకా సముద్రాన్ని ఒకే ఒక్కసారి, పెళ్ళికి ముందు, చర్చి వాళ్ళతో మచిలీపట్నం వెళ్ళినప్పుడు చూశాను. అప్పుడు నా ధ్యాసంతా చెప్పులు తడవకుండా చూసుకోవడం మీదే ఉంది.

ఆ ఏడు తెలంగాణ కోసం సమ్మె మొదలై కాలేజీలు మూతపడ్డాయి. విశాఖపట్నం వెళ్ళి ఆ జంతువును ప్రాణంతో చూసి వస్తానని ఇంట్లో చెప్పాను. మా ఆయన నా మొహంలోకి చూసి, కామేశ్వరి మేడం దగ్గరికేనా అన్నాడు. అవునన్నాను. పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి దగ్గర నత్తల పేరు చెప్పి తప్పించుకోలేం.

కామేశ్వరి గారు కూడా మా కాలేజీలో జువాలజీయే చెప్పేవారు. సొంత ఊరు విశాఖ. పద్ధెనిమిదేళ్ళు ఒకే స్టాఫ్‌రూంలో ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నాం, టిఫిన్ డబ్బాలు మార్చుకుని తిన్నాం. అప్పటికి రెండేళ్ళ కిందట, ఉద్యమం రోడ్ల మీదికి వచ్చిన కొత్తలో, ఒక బంద్ రోజు సాయంత్రం ఇంటికి వెళ్ళిన మనిషి మళ్ళీ కాలేజీ మెట్లెక్కలేదు. రాజీనామా పోస్టులో వచ్చింది. ఫోన్ పనిచేయడం మానేసింది. ఎల్బీనగర్ వెనక కాలనీలో వాళ్ళకు సొంత ఇల్లు ఉండేది, ఎన్నిసార్లు వెళ్ళినా గేటుకు తాళమే ఉంది. రెండు నెలల్లో దాన్ని అమ్మేసి వెళ్ళిపోయారు. ఆ సంగతి నాకు పాలు పోసే అతను చెప్పాడు. ఎందుకు వెళ్ళిపోయారో, నాకు ఒక్క మాటైనా ఎందుకు చెప్పలేదో తెలియక రెండేళ్ళు లోలోపల కుమిలిపోయాను. కోపమూ వచ్చింది, దాచడం ఎందుకు. పద్ధెనిమిదేళ్ళ స్నేహం విలువ ఇంతేనా అనుకున్నాను.

ఆమధ్య పాత విద్యార్థిని ఒకామె విశాఖ నుంచి వచ్చి నన్ను కలిసింది. కామేశ్వరి మేడం అక్కడ హార్బర్‌లో మెట్ల మీద కూర్చుని నీళ్ళలోకి చూస్తూ ఉంటారని చెప్పి నంబరిచ్చింది. ఫోన్ చేశాను. "అమావాస్య వెళ్ళిన మర్నాటికి ఉండేలా రండి ఎస్తేర్ గారూ. నీళ్ళు బాగా వెనక్కి తీస్తాయి. మీ సముద్రపు కుందేలును చూపిస్తాను" అన్నారు. వెళ్ళిపోవడం గురించి ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అడగాల్సింది ఎదురుగా కూర్చుని అడుగుదామని బయల్దేరాను.

ఆర్టీసీ బస్సులు డిపోల్లో ఉన్నాయి. బెజవాడ దాకా ఒక జీపులో సీటు దొరికింది. మామూలు రోజుల కిరాయికి రెండింతలు అడిగాడు, బేరమాడే మొహం నాకు లేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆ పొద్దున రోడ్డు మీదే పొయ్యిలు వెలిగాయి. వంటావార్పు అంటే నిరసనే, కాకపోతే కడుపు నింపి పంపే నిరసన. జీపును ఆపిన వాళ్ళలో మల్లేశం ఉన్నాడు. నా దగ్గర చదువుకున్నవాడే, ఇప్పుడు హయత్‌నగర్‌లో మందుల షాపు నడుపుతున్నాడు. గీ టైంల ఆంధ్రకు ఏం పని మేడం అని అడిగాడు. సముద్రపు నత్తను చూడనీకె పోతున్న అన్నాను. ఫస్టియర్‌లో ఆ బొమ్మకు నేను సంతకం పెట్టలేదని గుర్తుచేసి నవ్వాడు, ఆకులో అన్నం, పచ్చిపులుసు పెట్టించాడు. రోడ్డు మీద కూర్చుని తిన్నాను. లేచేముందు అందరితో కలిసి నినాదమిచ్చాను. ఎవరో అనమంటే అన్న నినాదం కాదు, అది నాదే.

కోదాడ దాటాక

జీపులో నా పక్కన గుంటూరు వైపు ఆవిడ కూర్చుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంట్లోనే చీరలమ్ముతుందట. సూర్యాపేటలో టీ కోసం ఆగాం. టీ ఆరు రూపాయలు, గ్లాసు మాత్రం మందు సీసా మూతంత. కోదాడ వచ్చేదాకా ఆవిడ గొంతు పైకి లేవలేదు. ఏమడిగినా అటూ ఇటూ చూసి చెవి దగ్గర చెప్పేది. కోదాడ దాటి ఆ పక్క జిల్లాలోకి అడుగుపెట్టామో లేదో, ఆవిడ గలగలా మాట్లాడడం మొదలుపెట్టింది, నేను మెల్లగా మాట్లాడడం మొదలుపెట్టాను. రోడ్డు అదే, ఎండా అదే. ఇద్దరం ఆ సంగతి కనిపెట్టాం, ఇద్దరం పైకి అనలేదు.

బెజవాడ హోటల్లో భోజనానికి కూర్చున్నాను. జర కూర వెయ్యమని అడగబోయి, నోట్లోనే దిద్దుకుని, కొంచెం కూర వేయండి అన్నాను. ఇది నాకు కొత్త కాదు. మా కాలేజీలో చేరిన మొదటి రోజే పాఠం పుస్తకంలో ఉన్నట్టు చెప్పాలన్నారు. అక్కడి నుంచి స్టాఫ్‌రూంలోనూ అదే భాష అలవాటైంది. ఇంట్లో ఒక నోరు, కాలేజీలో ఒక నోరు. ఉద్యమం వచ్చాక మాలో చాలామందిమి ఆ రెండో నోరు మూసేశాం. మా మాట మేం మాట్లాడితే తప్పేమిటని పట్టుబట్టి, స్టాఫ్‌రూంలో కూడా ఇంటి మాటే మాట్లాడాం. ఆ పట్టుదలంతా బెజవాడలో ఒక కూర గరిటె ముందు కరిగిపోయినందుకు నా మీద నాకే చిరాకేసింది. కూర మాత్రం బాగుంది. కారం ఎక్కువంటారు గానీ మా ఇంటి కారం ముందు అదేమీ కాదు.

విశాఖ

మధ్యాహ్నం రైలెక్కి రాత్రి ఎనిమిదింటికి విశాఖలో దిగాను. కామేశ్వరి గారు ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉన్నారు. జుట్టు ముందువైపంతా తెల్లబడింది, ఎండకు ముక్కు మీద చర్మం నల్లబడింది. నా సంచీ అందుకున్నారు. బాగున్నారా అంటే బాగున్నారా అనుకున్నాం. ఆటోలో దారి పొడుగునా నత్తల గురించే చెప్పారు. ఎక్కడ దొరుకుతాయి, ఏ నెలలో గుడ్లు పెడతాయి, హార్బర్ నీళ్ళలో నూనె పెరిగి ఏవేవి కనపడకుండా పోయాయి. నేను ఊ కొట్టాను. మా ఆయన ఎలా ఉన్నాడని అడిగారు. మూర్తి గారెలా ఉన్నారని అడిగాను. మూర్తి గారంటే ఆవిడ భర్త. పోయినేడు పక్షవాతం వచ్చిందని, ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నారని చెప్పి మళ్ళీ గుడ్లలోకి వెళ్ళిపోయారు.

నన్ను ఒక లాడ్జి ముందు దింపారు. రూం ముందే మాట్లాడి ఉంచారు, దుప్పటి శుభ్రంగా ఉందో లేదో పైకొచ్చి చూశారు కూడా. కానీ ఇంటికి రమ్మని ఒక్క మాట అనలేదు. హైదరాబాదులో వారానికి రెండుసార్లు వాళ్ళింట్లో టీ తాగిన దాన్ని. ఆ రాత్రి మంచం మీద కూర్చుని, తెచ్చుకున్న సకినాల డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేశాను. అవి వాళ్ళింటికని చేసినవి.

హార్బర్ మెట్లు

మర్నాడు మధ్యాహ్నం మూడు దాటాక వెళ్ళాం. చేపల పడవలు ఆగేచోటు దాటి లోపలికి పోతే పాత రేవు ఒకటి ఉంది. ఇప్పుడు అక్కడ పడవలు ఆగవు. రాతి మెట్లు నీళ్ళలోకి దిగిపోతాయి. అప్పటికి నీళ్ళు వెనక్కి తగ్గి, రోజూ మునిగి ఉండే మెట్లు ఏడెనిమిది బయటపడ్డాయి. పచ్చగా నాచు, దాని కింద తెల్లటి గుల్లలు, వాసన సంగతి చెప్పనక్కర్లేదు. దిగేటప్పుడు చూసి కాలు పెట్టమన్నారు. చూసే పెట్టాను, అయినా జారి అరచెయ్యి ఆనించాను. రాళ్ళకు అతుక్కున్న ఆ గుల్లలు బ్లేడుల్లాంటివని పుస్తకంలో ఎక్కడా లేదు. అవి ఎండ్రికాయలకు దగ్గర చుట్టాలని మాత్రం ఉంది, అదే పైకన్నాను. ఆవిడ తన సంచీలోంచి మందు తీసి నా చేతికి రాశారు. ఎండ్రికాయ కాదండీ పీత అన్నారు. ఈ పేచీ మాకు పద్ధెనిమిదేళ్ళుగా ఉంది. రెండేళ్ళ తర్వాత ఆ మాట విని కళ్ళు చెమర్చాయి, మందు మంటని చెప్పాను.

పై మెట్టు మీద ఎండుచేపలు ఆరబోస్తున్న పోలమ్మ అనే ఆవిడ మమ్మల్ని చూస్తూ కూర్చుంది. ఎక్కడి నుంచి వచ్చానని అడిగింది. హైదరాబాదు అంటే జాలిగా చూసింది. "అక్కడ సముద్రం నేదంట గదమ్మా. మరి పొద్దున్నే నెగిసి ఏటి సూత్తారు?" అంది. దిల్‌సుఖ్‌నగర్‌లో పొద్దున్నే లేచి ఏం చూస్తామా అని ఆలోచించాను. కోచింగ్ సెంటర్ల బోర్డులు చూస్తాం. ఆ మాట ఆవిడకు చెప్పలేక నవ్వి ఊరుకున్నాను.

కామేశ్వరి గారు ఒక మెట్టు మీద వంగి, నీళ్ళు నిలిచిన గుంటలోకి చూపించారు. నాకు నాచు తప్ప ఏమీ కనపడలేదు. చూస్తూ ఉండండి అన్నారు. చూస్తూ ఉన్నాను. కాసేపటికి నాచులోంచి ఒక ముక్క తనంతట తాను కదిలింది. అరచెయ్యంత పొడవు, ఆకుపచ్చా గోధుమా కలిసిన రంగు, ఒళ్ళంతా చిన్న చిన్న నల్లటి సున్నాలు. వీపుకు రెండు పక్కలా పల్చటి రెక్కలున్నాయి. వాటిని పైటలా సర్దుకుంటూ మెల్లగా పాకింది. తల ఎత్తింది. తల మీద రెండు చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయి. అవి చెవులు కావు, వాసన పట్టే కొమ్ములని పిల్లలకు నేనే చెప్తాను. అయినా చూస్తే చెవులే. అది కుందేలే. ఆ పేరు పెట్టినవాడు ప్రాణంతో ఉన్నదాన్ని చూసి పెట్టాడు. ఇరవై రెండేళ్ళు నేను పిల్లలతో శవం బొమ్మ వేయించాను.

ఆత్రం ఆపుకోలేక చెయ్యి పెట్టి పైకి తీశాను. నీళ్ళలోంచి బయటికి రాగానే అది చీమిడి ముద్దలా అరచేతిలో కూలబడింది. మరుక్షణం ఊదారంగు రసం కక్కింది. చెయ్యి, కొంగు, మెట్టు అంతా ఊదా. కామేశ్వరి గారు కంగారు పడి, వెంటనే నీళ్ళలో వదలమన్నారు. వదిలాను. కాసేపు ముడుచుకుని ఉండి, మళ్ళీ రెక్కలు విప్పి, చెవులెత్తి, నేనన్నదాన్ని లేనట్టే నాచు తినడం మొదలుపెట్టింది. దీన్ని మీరేమంటారని పోలమ్మను అడిగాను. "సంతలో అమ్మనిదానికి పేరెట్టి పిలిచేదెవులమ్మా" అంది.

ఆ తర్వాత గంటసేపు కామేశ్వరి గారు ఎన్నో చూపించారు. చేప ఒక్కసారి కూడా తినని మనిషి, చిన్న బ్రష్షుతో రాళ్ళ సందుల్లోంచి అన్నిటినీ పేరు పేరునా పిలుస్తున్నారు. వడ్లగింజంత తెల్లటి నత్త ఒకటి చూపించారు, దాని వీపు మీద మొప్పలు చిన్న పువ్వులా విచ్చుకుని ఉన్నాయి. సేమియా ఉండలా చుట్టుకుపోయి ఉన్నవి సముద్రపు కుందేలు గుడ్లు. మన గొంగళిపురుగుకు సీతాకోకచిలుక ఎలాగో, వీటికీ అలాగే బాల్యం వేరట. గుడ్డులోంచి వచ్చినప్పుడు వీపున బుల్లి గుల్ల ఉంటుంది, ఈదుతుంది. ఒకచోట స్థిరపడ్డాక ఆ వడ్లగింజలాంటివి గుల్లను పూర్తిగా వదిలేస్తాయి. అది నేనూ పాఠం చెప్పేదే. కానీ ఆవిడ చెబుతూ చెబుతూ మధ్యలో ఆపేశారు. వాళ్ళు అమ్మేసిన ఇల్లు ఇద్దరికీ గుర్తొచ్చిందనుకుంటాను.

ఇక ఆగలేక అడిగేశాను. "ఎందుకు వెళ్ళిపోయారు కామేశ్వరి గారూ? నాకు ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ బ్రష్షు కడుక్కుంటూ నా వైపు చూడకుండానే అన్నారు. "మీరే కదండీ పొమ్మన్నారు."

నాకు అర్థం కాలేదు. నేనెప్పుడన్నానని అడిగాను. ఆవిడ తలెత్తి, నా గొంతుతో, నా యాసలో, అక్షరం పొల్లుపోకుండా చెప్పారు. "ఇగ మీరు పోండ్రి మేడం. ఈడ మేం చూస్కుంటం."

అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఆ బంద్ రోజు సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఊరేగింపు వస్తోంది. పక్క బిల్డింగు అద్దాలు పగిలిన చప్పుడు వినిపించింది. ల్యాబులో మైక్రోస్కోపులు బయటే ఉన్నాయి. వాటిని లోపల పెట్టి తాళం వేసే పని నాకూ, అటెండర్ యాదగిరికీ ఉంది. ఇంకాస్త ఆగితే ఆటోలు దొరకవు, ఆవిడ ఒంటరిగా చిక్కుకుపోతారు. వెనక గేటు నుంచి కొత్తపేట సందులోకి పంపేద్దామని తొందరపెడుతూ అన్న మాట అది. ‘మేం’ అంటే నేనూ యాదగిరీ. ‘ఈడ’ అంటే ల్యాబులో. ‘పోండ్రి’ అంటే మా ఇళ్ళల్లో, తండ్రిని కూడా గౌరవంగా పంపే మాట.

అదంతా గబగబా చెప్పాను. చెబుతుంటే నాకే తట్టింది. పద్ధెనిమిదేళ్ళు ఆవిడతో నేను ‘వెళ్ళండి’ అనే అన్నాను. నా యాస స్టాఫ్‌రూంలోకి తెచ్చుకున్నాక, ఆవిడ ముందు నా నోట వచ్చిన మొదటి సొంత మాట ‘పోండ్రి’ అయింది.

"మాట తెలియక కాదు" అన్నారావిడ. "యాదగిరి రోజూ అనేవాడు, నవ్వుకునేదాన్ని. మీ నోట ఎప్పుడూ వినలేదు. బయట అదే మాట వందమంది అరుస్తున్నారు. మీరు ‘మేం’ అన్నారు. మనం అనలేదు."

ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది కదండీ అన్నాను. నా గొంతులో కోపం ఉంది, ఏడుపూ ఉంది. ఆవిడ బ్రష్షు సంచీలో పెట్టేశారు. "అడిగితే, అవునన్నారనుకోండి. అప్పుడేం చేసేదాన్ని?"

ఇద్దరం ఆ తడి మెట్ల మీదే కూర్చుని ఏడ్చాం. పోలమ్మ లేచి వచ్చి, ఎవులైనా పోయారా అని అడిగింది. లేదన్నాం. అయితే ఏడుపెందుకని చేపలు తిరగేయడానికి వెళ్ళిపోయింది.

నీళ్ళు మళ్ళీ మెట్లెక్కడం మొదలయ్యాక మేమూ పైకొచ్చాం. రేపు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రమ్మన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. అంతలో చెయ్యి పట్టుకుని ఆపారు. "ఒక్కటే అడుగుతాను. ఈ సంగతి మాత్రం ఆయనకు చెప్పకండి."

మూర్తి గారు ఎల్బీనగర్ ఇంటిని పునాది నుంచి సున్నం దాకా దగ్గరుండి కట్టించుకున్నారు. వచ్చేయమని విశాఖ వాళ్ళు ఎన్ని చెప్పినా కదల్లేదు. ఆ సాయంత్రం ఆవిడ ఇంటికెళ్ళి, ఎస్తేర్ మేడం కూడా పొమ్మన్నారండీ అని చెప్పాకే లేచారు. ఎస్తేరే అన్నాక ఇంక మనకిక్కడ ఎవరున్నారని, వచ్చిన మొదటి బేరానికే ఇల్లు ఇచ్చేశారు. "పొరపాటున విన్నానని తెలిస్తే ఆయన నన్నేమీ అనరు. తననే అనుకుంటారు. ఊరికే అమ్మేశానని ఆ మంచం మీద కుళ్ళిపోతారు. ఇప్పుడు ఆయనకున్న ధైర్యమల్లా ఒక్కటే, వెళ్ళక తప్పలేదనుకోవడం."

సరేనన్నాను. అనడం తేలికే. లాడ్జికి వచ్చాక అర్థమైంది ఏం ఒప్పుకున్నానో. చెడ్డపేరు నా ఒక్కదానిదే అయితే భరించవచ్చు. మావాళ్ళు అలాంటివాళ్ళు అని ఆయన మనసులో పడిన మచ్చను, తుడవగలిగిన మనిషినై ఉండి, అలాగే వదిలేయాలి. రోడ్డు మీద కూర్చుని పచ్చిపులుసు తిని నినాదమిచ్చి వచ్చిన దాన్ని. మేం ఎవర్నీ తరమడం లేదు, మా ఇల్లు మేం అడుగుతున్నాం అని ఎన్ని మీటింగుల్లో చెప్పానో. అది నిజమని ఈ ఒక్క ఇంట్లో మాత్రం చెప్పకూడదు.

మూర్తి గారి పక్కన

మేడ మీద రెండు గదుల అద్దె ఇల్లు. మూర్తి గారు గుమ్మం దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంది. మాట నిదానంగా, ముక్కలు ముక్కలుగా వస్తోంది. నేను మెట్లెక్కి వస్తుంటే కర్ర అందుకుని లేచి నిలబడ్డారు. కూర్చోండి అన్నయ్యగారూ అన్నా వినలేదు. హైదరాబాదులోనూ అంతే, ఇంటికొచ్చిన ఆడపడుచు కూర్చున్నాకే ఆయన కూర్చునేవారు.

ఆవపెట్టిన అరటికాయ కూర, దప్పళం, కొబ్బరి పచ్చడి. మా వైపు పులుసు పచ్చిగా పల్చగా ఉంటుంది. వీళ్ళది చిక్కగా, బెల్లం వేసి, ఐదారు రకాల ముక్కలతో ఉంటుంది. మొదట్లో ఇది పులుసా పాయసమా అని ఆయన్ను ఏడిపించేదాన్ని. సకినాల డబ్బా విప్పితే ఆయన ఎడంచేత్తో ఒకటి తీసుకుని విరవలేకపోయారు. నేను విరిచి ఇచ్చాను.

ఇల్లెలా ఉందని అడిగారు. ఇల్లంటే ఆ ఇల్లే. అలాగే ఉందండీ, గేటుకు ఆకుపచ్చ రంగు వేశారన్నాను. ఆయన మొహం చిట్లించారు. తాను బూడిదరంగు వేయించానని, దుమ్ము కనపడదని చెప్పారు. బోరు నీళ్ళు ఎండాకాలం ఆగుతున్నాయా అని అడిగారు. నాకు తెలిసినంత చెప్పాను. తర్వాత తినడం ఆపి, నా వైపు తిరిగారు. కామేశ్వరి గారు పొయ్యి వైపు తిరిగి నిలబడ్డారు.

"ఆ రోజు మీరు చెప్పకపోతే నేను కదిలేవాణ్ణి కాదమ్మా. ఇల్లు కట్టినవాడు గోడలు వదలడు. ఒకరకంగా మీరు మంచే చేశారు." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "బాధ మాత్రం పడ్డాను. పరాయివాళ్ళు అనుంటే ఇంత పడేవాణ్ణి కాదు."

గొంతు దాకా వచ్చింది. అన్నయ్యగారూ, నేనన్నది అది కాదు, ఆటోలు దొరకవని అన్నాను, నా భాషలో అది మర్యాద మాట అని ఒక్క వాక్యం. పొయ్యి దగ్గర కామేశ్వరి గారి వీపు కదలడం లేదు. గరిటె చేతిలో అలాగే ఉంది. ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి. అవి నన్ను తప్పుపట్టడం లేదు, ఏదో అడుగుతున్నాయి. కట్టుకున్నదాన్ని వదులుకున్నందుకు ఒక కారణం ఉండాలి ఆ మనిషికి. ఆ కారణం నేను.

"తప్పయిపోయింది అన్నయ్యగారూ" అన్నాను. "అనకూడని మాట అన్నాను. క్షమించండి."

ఆయన తలూపారు. ఎప్పుడో క్షమించానని, ఆ రోజులే అలాంటివని, మీరు ఇంత దూరం వచ్చి ఆ మాట అన్నారు చాలని చెప్పారు. కుడిచెయ్యి ఎత్తబోయి, ఎత్తలేక, ఎడమది నా తల మీద పెట్టారు. కామేశ్వరి గారు వచ్చి నా ఆకులో పెరుగన్నం వడ్డించారు. ఎక్కువ వేశారు. మొత్తం తిన్నాను. ప్రతి ఆదివారం చర్చిలో మోకరించి క్షమాపణ అడిగేదాన్ని. చెయ్యని తప్పుకు క్షమాపణ దొరికితే అది ఎంత బరువుంటుందో ఆ పూట తెలిసింది.

తిరుగు దారి

వచ్చేటప్పుడు కామేశ్వరి గారు స్టేషన్ దాకా వచ్చారు. దారిలో నత్తల ఊసెత్తలేదు. రైలు కదిలేదాకా కిటికీ చువ్వల మధ్య నుంచి నా చెయ్యి పట్టుకునే ఉన్నారు. గుల్లలు కోసిన గాయం మీదే పట్టుకున్నారు, నేను వెనక్కి తీసుకోలేదు.

ఇంటికి చేరాక మా ఆయనకు కూడా అసలు సంగతి చెప్పలేదు. సమ్మె ముగిసి కాలేజీ తెరిచారు. స్టాఫ్‌రూంలో అందరూ అడిగారు, కామేశ్వరి మేడం ఎందుకు వెళ్ళిపోయారో తెలిసిందా అని. మూర్తి గారికి ఎల్బీనగర్ పాత ఇరుగుపొరుగు నుంచి ఇంకా ఫోన్లు వెళుతుంటాయి. ఇక్కడ ఒకమాట, అక్కడ ఒకమాట నిలవదు. అందుకని, నేనే పొమ్మన్నానని చెప్పాను. కొందరు నమ్మలేదు. కొందరు నమ్మి, అది పౌరుషమనుకుని మెచ్చుకున్నారు, అదే ఎక్కువ బాధించింది. మా ఊరామె, తెలుగు చెప్పే మేడం, ఆ తర్వాత కొన్నాళ్ళు నాతో సరిగ్గా మాట్లాడలేదు. పాపం ఉద్యమాన్ని నీలాంటి వాళ్ళే బద్నాం చేస్తున్నరు అంది.

అలా మూడేళ్ళు గడిచాయి. రాష్ట్రం వచ్చింది. ఎవరూ ఎక్కడికీ పోలేదు, దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ గుంటూరు చీరలావిడ వ్యాపారం ఇంకా పెరిగింది. కామేశ్వరి గారు నెలకొకసారి ఫోన్ చేసేవారు. నీళ్ళు వెనక్కి తగ్గే పాటు ఎప్పుడో, ఏ మెట్టు మీద ఏది కనపడిందో చెప్పేవారు. మధ్యలో మూర్తి గారు ఫోన్ తీసుకుని, బాగున్నావా అమ్మా అని అడిగేవారు. ఆయన నన్ను ‘నువ్వు’ అనడం విశాఖ వెళ్ళొచ్చాకే మొదలైంది.

పోయిన నెల ఆయన కన్నుమూశారు. పదకొండో రోజు వెళ్ళాక కామేశ్వరి గారు ఫోన్ చేసి, ఇక మీరు దాచక్కర్లేదు, అందరికీ చెప్పండి, రాసుకోండి అన్నారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. పోవడానికి ముందు రోజు ఆయన ఆవిడను దగ్గరికి పిలిచి, ఎస్తేరమ్మ మీద మనసులో ఏమీ పెట్టుకోకు, మంచి మనిషి, ఏదో అప్పుడలా అనేసింది అని చెప్పారట. ఆవిడ సరేనన్నారట.